తెరచాప పడవ గాలిని ఎలా దాటిపోతుంది? ఆ రికార్డు ఎక్కడ ఆగింది?

మీ ప్రశ్నను నాకు అర్థమైనట్టు మళ్లీ చెబుతాను. గాలి గంటకు యాభై కిలోమీటర్ల వేగంతో వీస్తుంటే ఒక తెరచాప పడవ గంటకు 121 కిలోమీటర్లు ఎలా వెళ్లింది? లేని శక్తి ఎక్కడి నుంచి వచ్చింది? 2012లో పెట్టిన ఆ రికార్డు ఇన్నేళ్లయినా ఎందుకు అలాగే ఉంది? చివర్లో ఇంకో మాట అడిగారు. కాలేజీ ప్రాజెక్టుకు మీటరు పొడవు మోడల్ చేస్తున్నారు కాబట్టి శ్రద్ధ తెరచాప మీద పెట్టాలా, పడవ అడుగు మీద పెట్టాలా అని.

ముందు నేరుగా జవాబు. ఆ పడవ గాలితో పాటు పోవడం లేదు, గాలికి అడ్డంగా పోతోంది. అడ్డంగా పోయే పడవకు గాలి వేగం హద్దు కాదు. దాని హద్దును రెండు విషయాలు నిర్ణయిస్తాయి: తెరచాప ఎంత శుభ్రంగా పనిచేస్తుంది, నీటిలో ఉన్న భాగం ఎంత శుభ్రంగా పనిచేస్తుంది. ఈ రెండింటిలో ఎప్పుడూ ముందు చేతులెత్తేసేది నీటి భాగమే. గంటకు తొంభై కిలోమీటర్లు దాటాక ఫాయిల్ (నీటిలో పనిచేసే రెక్క) మీద నీళ్లు మరగడం మొదలవుతుంది. రికార్డు ఇన్నాళ్లు నిలవడానికి మూల కారణం అదే. మీ మోడల్‌కు కూడా ముందు అడుగు సంగతి చూడండి.

ఇప్పుడు వివరంగా. నేను విశాఖలో నేవల్ ఆర్కిటెక్చర్, అంటే ఓడల డిజైన్, చదివాను, ఇరవై ఏళ్లకు పైగా ప్రొపెల్లర్లు, ఫాయిళ్ల డిజైన్ పనిలో ఉన్నాను. సెయిలింగ్ నేర్చుకున్నది మాత్రం హైదరాబాద్‌లో, హుస్సేన్ సాగర్ మీద, లేజర్ అనే, ఒక్కరే నడిపే చిన్న తెరచాప పడవలో. అందుకే నా ఉదాహరణలు అటూ ఇటూ తిరుగుతాయి.

మీరు పేర్కొన్న పడవ పేరు వెస్టాస్ సెయిల్‌రాకెట్ 2. నడిపింది ఆస్ట్రేలియాకు చెందిన పాల్ లార్సెన్. 2012 నవంబరు 24న నమీబియాలోని వాల్విస్ బేలో 500 మీటర్ల దూరాన్ని సగటున 65.45 నాట్ల వేగంతో దాటారు. నాట్ అంటే గంటకు 1.852 కిలోమీటర్లు, కాబట్టి అది గంటకు 121 కిలోమీటర్ల పైమాట. లెక్క వేస్తే ఆ 500 మీటర్లకు పట్టింది పదిహేను సెకన్ల లోపే. ఆ పదిహేను సెకన్ల వెనక దాదాపు పదేళ్ల పని ఉంది.

శక్తి సంగతి

"గాలి తోస్తే పడవ కదులుతుంది" అన్న బొమ్మ మన మనసులో పడిపోయింది కాబట్టే ఈ సందేహం వస్తుంది. గాలికి వీపు ఇచ్చి పోయే పడవ విషయంలో ఆ బొమ్మ నిజమే. పడవ గాలి వేగానికి దగ్గరయ్యేకొద్దీ తెరచాపకు తగిలే గాలి తగ్గిపోతుంది, అందుకని మామూలు తెరచాపతో అలా పోయే పడవ గాలిని ఎప్పటికీ దాటలేదు. అడ్డంగా పోయే పడవ కథ వేరు.

తడి చింతపిక్కను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి గట్టిగా నొక్కి చూడండి. పిక్క సర్రున ముందుకు దూసుకుపోతుంది. వేళ్లు దగ్గరయ్యే వేగం కంటే పిక్క పోయే వేగం చాలా ఎక్కువ. ఇక్కడ లేని శక్తి ఎక్కడి నుంచీ పుట్టలేదు, వేళ్లు పక్క నుంచి నొక్కిన పనే ముందుకు దూకుడుగా మారింది. తెరచాప పడవ కూడా అంతే. ఒక వేలు గాలి, రెండో వేలు నీరు. గాలి తెరచాపను ఒక పక్కకు నొక్కుతుంది, పడవ అడుగు నుంచి నీళ్లలోకి దిగిన పలక (బోర్డు గానీ కీల్ గానీ ఫాయిల్ గానీ) ఆ పక్కకు జారనివ్వకుండా ఎదురు నొక్కుతుంది. మధ్యలో ఉన్న పడవ ముందుకు దూకుతుంది.

పిక్క ఎంత వేగంగా పోతుందన్నది రెండు విషయాల మీద ఉంటుంది. దాని మొన ఎంత సన్నగా ఉంది, ఎంత నున్నగా ఉంది. మొన సన్నగా ఉంటే వేళ్లు కొంచెం దగ్గరైనా చాలు, పిక్క చాలా దూరం పోతుంది. ఎండిపోయి గరుకుగా ఉంటే కదలనే కదలదు. పడవలో ఆ మొన కోణానికి సమానమైనది ఒకటుంది, దాని గురించి కిందికి వస్తాను.

శక్తి లెక్క కావాలంటే ఇలా చూడండి. గాలికీ నీటికీ మధ్య వేగంలో తేడా ఉన్నంతవరకు అక్కడ తీసుకోదగ్గ శక్తి ఉంటుంది. పడవ వెళ్లిన దారిలో గాలి కొంచెం నెమ్మదిస్తుంది, కొంచెం వంగుతుంది. పడవ అడ్డంగా ఎంత వేగంగా పోతే సెకనుకు అంత ఎక్కువ గాలిని తాకుతుంది, అంత ఎక్కువ గాలి నుంచి కొద్దికొద్దిగా శక్తి తీసుకుంటుంది. నియమం ఏదీ తెగలేదు.

కోణాల లెక్క

వానలో స్కూటర్ నడిపిన ప్రతివాళ్లకూ ఇది తెలుసు. ఆగి ఉన్నప్పుడు పక్కనుంచి తగిలే జల్లు, బండి వేగం పెంచేకొద్దీ ముందు నుంచి మొహానికి కొడుతుంది. గాలి కూడా అంతే. పడవ వేగం పెరిగేకొద్దీ పడవలో ఉన్న మనిషికి గాలి ముందుకు జరిగినట్టు, బలం పెరిగినట్టు తెలుస్తుంది. తెరచాపకు తెలిసేది ఈ గాలే, ఒడ్డున జెండాకు తెలిసే గాలి కాదు.

సెయిల్‌రాకెట్ వెళ్లిన రోజున గాలి సుమారు 27 నాట్లు అనుకుని, గాలికి 115 డిగ్రీల దిశలో పోయిందనుకుని నేను లెక్క వేశాను. పడవ మీద తగిలే గాలి 59 నాట్ల దాకా వస్తుంది, అంటే గంటకు 109 కిలోమీటర్లు. అది వచ్చే దిశ పడవ దారికి 25 డిగ్రీల లోపే. అంటే అసలు గాలి కొంచెం వెనక నుంచి వీస్తున్నా, లార్సెన్‌కు మాత్రం తుపాను గాలి దాదాపు ఎదురుగా కొడుతున్నట్టు ఉంటుంది.

ఆ 25 డిగ్రీలే చింతపిక్క మొన కోణం. దాన్ని బీటా అంటారు. ఈ కోణం రెండు ముక్కలు కలిస్తే వస్తుంది. తెరచాపలో పనికొచ్చే బలాన్ని లిఫ్ట్ అనీ, వెనక్కి లాగే బలాన్ని డ్రాగ్ అనీ అంటాం. ఈ రెండింటి నిష్పత్తి నుంచి ఒక కోణం వస్తుంది. నీటి కింద భాగానికి కూడా అలాగే ఇంకో కోణం. ఆ రెండూ కలిపితే బీటా. పడవ అందుకోగల గరిష్ఠ వేగం, గాలి వేగాన్ని సైన్ బీటాతో భాగిస్తే వస్తుంది. వేగపు పడవల శాస్త్రమంతా ఈ ఒక్క వాక్యం చుట్టూ తిరుగుతుంది, దీన్ని కాగితం మీద రాసి గోడకు అంటించుకోండి.

అంకెలు పెట్టి చూద్దాం. పైనా కిందా కూడా లిఫ్ట్ డ్రాగ్‌కు అయిదు రెట్లు ఉందనుకోండి. ఒక్కో కోణం 11 డిగ్రీల పైచిలుకు, మొత్తం 22.6 డిగ్రీలు. అప్పుడు గాలికి 2.6 రెట్ల వేగం దాకా పోవచ్చు. రెండు వైపులా పది రెట్లు ఉంటే మొత్తం 11.4 డిగ్రీలు, గాలికి అయిదు రెట్లు. ఈ సూత్రంలో తెరచాప ఎన్ని చదరపు మీటర్లన్నది ఎక్కడా లేదు, గమనించండి. తెరచాప పెద్దది చేస్తే బలం పెరుగుతుంది, దాంతోపాటు పడవను పడదోసే బలం కూడా పెరుగుతుంది. నిష్పత్తి మాత్రం పెరగదు.

నీరే అడ్డం అనడానికి ఇంతకంటే మంచి సాక్ష్యం ఒకటి చెబుతాను. 2022 డిసెంబరులో న్యూజిలాండ్ అమెరికాస్ కప్ (పేరున్న తెరచాప పడవల పందెం) జట్టు తయారు చేసిన హోరోనుకు అనే చక్రాల బండి, గ్లెన్ ఆష్బీ నడపగా, దక్షిణ ఆస్ట్రేలియాలోని గెయిర్డ్‌నర్ ఉప్పు సరస్సు మీద గంటకు 222.4 కిలోమీటర్లు పోయింది. గాలి 22 నాట్లు మాత్రమే, అంటే గాలికి అయిదు రెట్ల పైనే. సెయిల్‌రాకెట్ విషయంలో ఈ లెక్క 2.4 రెట్ల దగ్గర ఆగింది. రెండింటిలోనూ పైన ఉన్నది గుడ్డ తెరచాప కాదు, గట్టి రెక్కే. తేడా అంతా కింద ఉంది, ఒకచోట చక్రం, ఇంకోచోట నీరు.

నీరు పెట్టే అడ్డంకులు, ఒకదాని తర్వాత ఒకటి

మొదటి అడ్డంకి అల. నీళ్లను తోసుకుంటూ పోయే పడవ తన ముందొక అల, వెనకొక అల లేపుకుంటుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల పొడవవుతుంది, ఒక దశలో పడవ తను లేపిన అల గుంటలోనే ఇరుక్కుంటుంది. లేజర్ పడవ నీటిగీత పొడవు 3.8 మీటర్లు. దాని లెక్కన ఈ హద్దు 4.7 నాట్లు, గంటకు తొమ్మిది కిలోమీటర్లు కూడా లేదు.

హుస్సేన్ సాగర్‌లో జూలై గాలులకు నేను ఈ హద్దు దాటిన మొదటి రోజు ఇంకా గుర్తుంది. నెక్లెస్ రోడ్డు వైపు నుంచి గట్టి విసురు ఒకటి వచ్చింది. ఒక్కసారిగా పడవ ముక్కు పైకి లేచింది, చుక్కాని పిడి చేతిలో సన్నగా వణికింది, వెనక నీళ్లు అల మానేసి తెల్లటి చారలా చదునుగా పోయాయి. పడవ నీటిలోంచి నీటి మీదికి ఎక్కింది. దీన్ని ప్లేనింగ్ అంటారు. అప్పటికి నాకు ఒక్క సూత్రం కూడా తెలియదు. కానీ నీటిని ఎంత తక్కువ తాకితే అంత మంచిదని ఆ రోజే ఒంటికి అర్థమైంది.

వేగం రికార్డుల చరిత్ర కూడా ఈ అడ్డంకుల వరుసే. 1972లో ఇంగ్లండ్‌లోని పోర్ట్‌లాండ్ హార్బర్‌లో టిమ్ కోల్మన్ క్రాస్‌బో అనే సన్నటి, పొడవాటి పడవతో 26.3 నాట్లు చేశారు. 1980లో క్రాస్‌బో 2 సరిగ్గా 36 నాట్లు. 1986లో తెరచాప బిగించిన బోర్డు మీద నిలబడి పోయే విండ్‌సర్ఫర్ పాస్కల్ మాకా 38.86. 1993లో ఆస్ట్రేలియాలోని శాండీ పాయింట్‌లో ఎల్లో పేజెస్ ఎండెవర్ 46.52. అది మూడు చిన్న ప్లేనింగ్ తేలుడు దిమ్మల మీద నిలబడిన రెక్క.

ఇక్కడి నుంచి చూడండి. 2009లో ఫ్రాన్స్‌లోని ఇయేర్ దగ్గర అలెన్ టెబో జట్టు ఇద్రోప్టేర్ అనే 18 మీటర్ల ఫాయిల్ పడవతో చేసింది 51.36. అంటే పదహారేళ్లలో కలిసింది అయిదు నాట్లు కూడా కాదు. ఈ మధ్యలో పడవలు, విండ్‌సర్ఫింగ్ బోర్డులు, కైట్ (పెద్ద గాలిపటం) లాగే బోర్డులు అన్నీ ఆ 50 దగ్గరే తచ్చాడాయి. 50 దాటిన మొదటి మనిషి కైట్ మీద పోయినవాడు, 2008లో నమీబియాలోనే ఉన్న ల్యూడెరిట్జ్ దగ్గర. ఇంత వేర్వేరు ఆకారాలు ఒకే అంకె దగ్గర ఆగాయంటే అక్కడ ఒక గోడ ఉన్నట్టే కదా.

ఆ గోడ: నీళ్లు మరగడం

ఫాయిల్ అంటే నీటిలో పనిచేసే విమానం రెక్క. నీరు గాలి కంటే ఎనిమిది వందల రెట్లకు పైగా బరువు కాబట్టి చిన్న ఫాయిల్ చాలు. 0.1 చదరపు మీటర్ల ఫాయిల్, అంటే ఏ3 కాగితం కంటే కొంచెం చిన్నది, 20 నాట్ల వేగంలో 250 కిలోల బరువును సులువుగా ఎత్తుతుంది. పడవ మొత్తం గాల్లోకి లేస్తుంది, అల అడ్డంకి పోతుంది. ఇప్పటి అమెరికాస్ కప్ పడవలన్నీ ఇలాగే ఎగురుతున్నాయి.

కానీ ఫాయిల్ ఎత్తేది ఎలా? ఒక ముఖం మీద ఒత్తిడి పెరిగి, రెండో ముఖం మీద ఒత్తిడి తగ్గి. ఈ తగ్గడానికి ఒక హద్దుంది. కొండ మీద నీళ్లు తక్కువ వేడికే మరుగుతాయని మీకు తెలుసు, పైన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి. ఒత్తిడి ఇంకా ఇంకా తగ్గిస్తే మామూలు చల్లటి నీళ్లే మరుగుతాయి. పెద్ద వేగంలో ఫాయిల్ మీద జరిగేది అదే. దీన్ని కావిటేషన్ అంటారు.

లెక్క ఎంత కఠినంగా ఉందో చూడండి. మన చుట్టూ ఉన్న గాలి ఒత్తిడి సుమారు 101 కిలోపాస్కల్స్. 50 నాట్ల వేగంలో వచ్చే నీటి తాకిడి ఒత్తిడి సుమారు 340 కిలోపాస్కల్స్. ఫాయిల్ పై ముఖం మీద ఆ తాకిడిలో మూడో వంతు కూడా తగ్గకముందే ఒత్తిడి సున్నా దగ్గరికి వచ్చేస్తుంది. 65 నాట్లకు తాకిడి 580 కిలోపాస్కల్స్, అప్పుడు ఆరో వంతు తగ్గితేనే నీళ్లు ఆవిరి. మామూలు ఫాయిల్ ఆకారం ఏదైనా అంతకంటే ఎక్కువే తగ్గిస్తుంది, అలా తగ్గించడమే దాని పని.

ఆవిరి బుడగలు పుట్టాక లిఫ్ట్ పడిపోతుంది, డ్రాగ్ ఎగిసిపోతుంది. ఆ బుడగలు కొంచెం వెనక్కి పోయి పగిలేటప్పుడు లోహాన్ని కూడా తింటాయి. నా ఉద్యోగం తొలి రోజుల్లో ఒక ఫెర్రీ ప్రొపెల్లర్‌ను విప్పి చూశాం. కంచుతో చేసిన బ్లేడు అంచు చెదలు తిన్న చెక్కలా ఉంది, వేలు పెడితే గుంటలు తగిలాయి. మెత్తటి నీళ్లు ఇంత పని చేశాయా అని చాలాసేపు దాన్ని అలాగే పట్టుకుని నిలబడ్డాను. విశాఖలో నౌకాదళ పరిశోధనశాల అయిన ఎన్‌ఎస్‌టీఎల్‌లో కావిటేషన్ టన్నెల్ (నీటిని వేగంగా పారించి పరీక్షించే సొరంగం) ఉన్నది ఈ సమస్యను చదవడానికే. నౌకాదళానికి ఆ బుడగల చప్పుడు కూడా ఒక పెద్ద బెడద.

లార్సెన్ జట్టు ఏం చేసింది

బుడగలు పుట్టకుండా ఆపడం మానేసింది. ఎలాగూ ఖాళీ ఏర్పడుతుంది కాబట్టి ఆ ఖాళీని ముందే అనుకుని ఆకారం గీసింది. వాళ్ల ఫాయిల్ అడ్డుకోత చూస్తే విమానం రెక్కలా ఉండదు, కట్టెలు చీల్చే మేకులా ఉంటుంది. ముందు అంచు పదును, వెనక అంచు మొద్దు. పై నుంచి గాలి ఆ మొద్దు అంచు వెనక్కి దిగి, అక్కడ నిలకడగా ఒక గాలి సంచి ఏర్పడుతుంది. ఆవిరి బుడగల్లా అది పుడుతూ పగులుతూ ఉండదు, అలాగే నిలుస్తుంది. లిఫ్ట్ ప్రధానంగా ఒత్తిడి ఎక్కువగా ఉన్న ముఖం నుంచే వస్తుంది. ఒత్తిడికి హద్దు కిందికి ఉంది గానీ పైకి లేదు కదా, అందులోనే ఉంది కిటుకంతా.

దీనికి ఖరీదు ఉంది. తక్కువ వేగంలో ఇలాంటి ఫాయిల్ చాలా మొండిది. డ్రాగ్ ఎక్కువ, పడవ కదలనే కదలదు. ఈ తొలి అడ్డంకి దాటితేనే ఫాయిల్ తన సొంత రాజ్యంలోకి వస్తుంది. సెయిల్‌రాకెట్ 2 కూడా చాలాకాలం 50 నాట్ల దగ్గరే ఆగిపోయింది. 2012 నవంబరులో గోడ విరిగాక మాత్రం అంకెలు ఒక్కసారిగా దూకాయి. ముందు 59 దాటారు, అదే నెలలో 65.45. అంతకుముందు రికార్డు 2010లో కైట్ మీద రాబ్ డగ్లస్ చేసిన 55.65. రెండేళ్లలో దాదాపు పది నాట్లు పెరగడం ఈ ఆటలో ఎప్పుడూ జరగలేదు.

పడిపోకుండా ఉండడం

రెండో ఆలోచన కూడా అంతే ముఖ్యం, దీన్ని చాలామంది మరచిపోతారు. మామూలు పడవలో తెరచాప బలం పైన పనిచేస్తుంది, నీటి బలం కింద పనిచేస్తుంది. ఈ జంట పడవను పక్కకు పడదోస్తుంది. అందుకే మనం పడవ అంచు మీద కూర్చుని వెనక్కి వంగుతాం. గాలి పెరిగితే బరువు చాలదు, తెరచాప సడలించాలి. అంటే బలం ఉండి కూడా వాడుకోలేం.

1960ల్లోనే బెర్నార్డ్ స్మిత్ అనే అమెరికన్ రాకెట్ ఇంజనీరు ఒక మాట చెప్పారు. తెరచాప బలం, ఫాయిల్ బలం ఒకే గీత మీద ఎదురెదురుగా ఉండేట్టు పెడితే పడదోసే జంటే ఉండదు. సెయిల్‌రాకెట్ ఆ ఆలోచనే. రెక్క ఒక చివర వాలుగా నిలబడి ఉంటుంది, మనిషి కూర్చునే గది, ఫాయిల్ రెండో చివర. రెక్క పైకీ పక్కకీ లాగుతుంది, ఫాయిల్ కిందికీ అవతలి పక్కకీ లాగుతుంది. గాలిపటం, దారం చుట్టిన చరకా గుర్తు తెచ్చుకోండి. గాలిపటం ఎంత లాగినా దారం తిన్నగా ఉంటుంది, దానిలో వంపు ఉండదు. ఈ పడవ మొత్తం అలా బిగిసిన దారం లాంటిది. ఇంకో అందమైన సంగతి, దాని పొడవాటి ఒళ్లు పడవ పోయే దిశలో ఉండదు, తగిలే గాలి వైపు తిరిగి ఉంటుంది. నీటిని తాకే భాగాలు మాత్రమే పోయే దారికి సూటిగా ఉంటాయి. దూరం నుంచి చూస్తే పడవ వంకరగా, పక్కకు జారుతూ పోతున్నట్టు కనిపిస్తుంది.

అయినా ప్రమాదం పోదు. 2008లో వాళ్ల మొదటి సెయిల్‌రాకెట్ గాల్లోకి లేచి వెనక్కి తిరగబడింది, లార్సెన్ బతికి బయటపడ్డారు. అదే ఏడాది ఇద్రోప్టేర్ కూడా ఒక విసురుకు 61 నాట్లు తాకి బోల్తా పడింది.

నాకు జరిగింది వాళ్లతో పోల్చదగ్గది కాదు, కానీ కారణం అదే కుటుంబానిది. యూరప్‌లో పనిచేసిన రోజుల్లో ఒక చిన్న ఫాయిల్ డింగీ నడిపేవాణ్ని. ఒకసారి బాగా ఎత్తులో, హాయిగా ఎగురుతున్నాను. ఫాయిల్ కొన నీటి పైకి వచ్చింది. పై గాలి ఒక్క క్షణంలో ఫాయిల్ వెంట కిందికి దిగింది, లిఫ్ట్ మాయమైంది. పడవ ఆగింది, నేను ఆగలేదు. ముందు కట్టిన తాడుకు తగిలి పక్కటెముకలు ఆరు వారాలు నొప్పి పెట్టాయి. దీన్ని వెంటిలేషన్ అంటారు. కావిటేషన్‌లో నీటి ఆవిరి, వెంటిలేషన్‌లో పై గాలి. సెయిల్‌రాకెట్ ఫాయిల్‌లో మనం కావాలని రప్పించుకున్నది ఈ రెండోదే. పిలిస్తే వచ్చిన గాలి మేలు చేస్తుంది, పిలవకుండా వస్తే పక్కటెముకలు విరగ్గొడుతుంది.

మరి రికార్డు ఎందుకు విరగలేదు?

నా అభిప్రాయంలో మొదటి కారణం, ఇది పందెం కాదు. పక్కన ఇంకో పడవ ఉండదు, చూడ్డానికి జనం రారు. సెయిల్‌రాకెట్ ఒక్క వైపే పోగలదు, తిరిగి మొదటికి రావాలంటే మోటారు పడవతో ఈడ్చుకురావాలి. అలాంటి యంత్రానికి ఏళ్ల తరబడి డబ్బు పెట్టేవాళ్లు చాలా అరుదు. ఫాయిల్ తెలిసిన మంచి ఇంజనీర్లందరూ అమెరికాస్ కప్, సెయిల్‌జీపీ పందేల వైపు వెళ్లారు, అక్కడ మలుపులు తిరగాలి, రెండు వైపులా పోవాలి, తక్కువ గాలికి కూడా లేవాలి. మేకు లాంటి ఫాయిల్ అక్కడ పనికిరాదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆ పడవలు గంటకు వంద కిలోమీటర్లు తాకాయని వార్తల్లో చదివి, రికార్డు దగ్గరికి వచ్చేశాయని అనుకోకండి. అది ఒక్క క్షణపు గరిష్ఠం. రికార్డుకు 500 మీటర్ల సగటు కావాలి, ప్రపంచ సెయిలింగ్ స్పీడ్ రికార్డ్ కౌన్సిల్ ఒప్పుకోవాలి. దూరం పెరిగితే సగటు ఎంత పడిపోతుందో చూడండి: అదే సెయిల్‌రాకెట్ ఒక నాటికల్ మైలుకు, అంటే 1852 మీటర్లకు చేసింది 55.32 నాట్లు.

రెండో కారణం చోటు. గాలి గట్టిగా ఉండాలి, నీళ్లు చదునుగా ఉండాలి. గట్టి గాలి ఉన్నచోట అలలు లేకుండా ఎలా? గాలి నేల మీది నుంచి వస్తూ, ఒడ్డును ఆనుకుని పడవ పోతే అలలు లేవడానికి దూరం దొరకదు. వాల్విస్ బేలో ఇసుక తీరం ఆ పని చేస్తుంది. ల్యూడెరిట్జ్‌లో, ఫ్రాన్స్‌లోని సెయింత్ మరీ దగ్గర, దీనికోసమే కాలువలు తవ్వారు. మన విశాఖ, భీమిలి తీరాల్లో చేయలేమా అని ఎవరో ఒకరు ఎప్పుడూ అడుగుతుంటారు. నైరుతి గాలి ఉంటుంది గానీ సముద్రపు పొంగు వదలదు. ఫాయిల్‌కు అరడుగు అల కూడా పెద్ద గుట్టే.

మూడోది, 65 పైన చేసే ప్రతి నాట్‌కూ కొత్త ఫాయిల్ తెలివి కావాలి. స్విట్జర్లాండ్‌లో ఈపీఎఫ్ఎల్ అనే సాంకేతిక విశ్వవిద్యాలయం విద్యార్థులు మొదలుపెట్టిన ఎస్పీ80 జట్టు 80 నాట్లు గురి పెట్టుకుని పనిచేస్తోంది. వాళ్లది రెక్క కాదు, కైట్. కింద మాత్రం మళ్లీ గాలి పీల్చుకునే ఫాయిలే. కైట్‌తో ఒక మేలుంది, లాగే గీతను దారం తనే సరిచేసుకుంటుంది. ఒక నష్టం కూడా ఉంది, దారాలు, మెత్తటి గుడ్డ గట్టి రెక్క కంటే ఎక్కువ డ్రాగ్ ఇస్తాయి. అంటే పైకోణం కొంచెం పోగొట్టుకుని స్థిరత్వం కొనుక్కున్నారు. నేనైతే ఈ బేరం సరైనదే అంటాను, ఎందుకంటే పైన పోయిన డిగ్రీని తిరిగి తెచ్చుకోవడం తేలిక, కింద పోయినది తెచ్చుకోవడం కష్టం.

మీ ప్రాజెక్టు

మీటరు మోడల్‌కు కావిటేషన్ రాదు, ఆ వేగం మీకు అందదు. ఆ దిగులు వదిలేయండి. వెంటిలేషన్ మాత్రం తప్పకుండా వస్తుంది, ముఖ్యంగా నీటి పైభాగాన్ని చీల్చుకుని దిగే నిలువు బోర్డు వెంట. దానికి ముందు అంచు నుంచి అడ్డంగా చిన్న పలకలు, ఫెన్స్‌లు అంటాం, రెండు అంటించి చూడండి. గాలి దిగడం అక్కడ ఆగుతుంది.

తెరచాప కుట్టకముందే పడవ అడుగును మాత్రమే ఒక చెరువులోకి తీసుకెళ్లండి. పక్కన ఇంకో పడవ నుంచి గానీ గట్టు మీద నడుస్తూ గానీ సమాన వేగంతో లాగండి. తాడుకు స్ప్రింగ్ త్రాసు కట్టండి, సంతలో చేపలు తూచేవాళ్ల దగ్గర ఉండే చిన్నది చాలు. తిన్నగా లాగితే డ్రాగ్ తెలుస్తుంది. తర్వాత మోడల్ పక్కకు రెండో త్రాసు కట్టి, ముక్కును మూడు, అయిదు, ఏడు డిగ్రీలు తిప్పి లాగండి, పక్క బలం, డ్రాగ్ రెండూ రాసుకోండి. పక్క బలానికీ డ్రాగ్‌కూ నిష్పత్తి ఎక్కడ అత్యధికమో చూడండి, ఆ నిష్పత్తి నుంచి వచ్చే కోణమే మీ అడుగు కోణం (డ్రాగ్‌ను పక్క బలంతో భాగిస్తే వచ్చేది ఆ కోణపు టాన్). వేగం మార్చి కనీసం నాలుగుసార్లు చేయండి, గాలి లేని తెల్లవారుజామున చేయండి.

రెక్కకు కూడా ఇదే పని పెడస్టల్ ఫ్యాన్ ముందు చేయొచ్చు, కాకపోతే ఫ్యాన్ గాలి సుడి తిరుగుతుంది కాబట్టి ముందు స్ట్రాలు కట్టగట్టి అడ్డం పెట్టండి. రెండు కోణాలు కలిపి సైన్ తీసి, ఆ రోజు చెరువు మీది గాలి వేగాన్ని దానితో భాగించండి. మోడల్ నిజంగా పోయిన వేగం దానికంటే చాలా తక్కువ వస్తే మొదట చూడాల్సింది చుక్కాని. నా అనుభవంలో విద్యార్థుల మోడళ్లలో నూటికి తొంభై చోట్ల చుక్కాని వంకరగా బిగించి ఉంటుంది, అదొక్కటే రెండు మూడు డిగ్రీలు తినేస్తుంది. కొలతలు తీసుకున్నాక ఇక్కడే పెట్టండి, అంకెలు చూసి చెబుతాను.